నిచ్చెన లేని మంచె వెతకండి

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఆస్టిన్ దగ్గర ఉంటాం. నాన్నకు 73 ఏళ్లు. రెండేళ్ల కింద గ్రీన్ కార్డు మీద వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. కుడి మోకాలు మార్పిడి అయింది. షుగర్, బీపీ ఉన్నాయి. మాది భద్రాచలం వైపు అడవి అంచున ఉన్న ఊరు. కుర్రతనంలో తాతయ్యతో వేటకు వెళ్లేవాడినని ఎప్పుడూ చెబుతుంటారు. నేను మూడేళ్లుగా ఆఫీసు స్నేహితులతో వైట్‌టెయిల్ జింకల వేటకు వెళ్తున్నాను. వచ్చే నవంబరులో సీజన్ మొదలవగానే గైడ్ ఎవరూ లేకుండా నాన్నా నేనూ ఇద్దరమే ఓ నాలుగు రోజులు వెళ్లాలని ఉంది. అడిగితే "చూద్దాంలేరా" అన్నారు. ఈ వయసులో ఆయనకు ఇదంతా అవసరమా అని మా ఆవిడ అంటోంది. ఆయనకు ఇబ్బంది లేకుండా ఎలా ప్లాన్ చేయాలి?

సమాధానం: ఇంత పెద్ద ఉత్తరంలో మీ నాన్నగారు అన్న మాట ఒక్కటే ఉంది. "చూద్దాంలేరా." మన ఇళ్లలో పెద్దవాళ్లు ఈ మాట అన్నారంటే, రావాలనే ఉంది కానీ కాలు సహకరిస్తుందో లేదో అని కావచ్చు. నీకెందుకు డబ్బు దండగ అని కావచ్చు. నాకిష్టం లేదు, ఆ మాట చెప్పి నిన్ను నొప్పించలేను అని కూడా కావచ్చు. ముందు అది తేల్చుకోండి. సూటిగా అడిగితే మళ్లీ అదే జవాబు వస్తుంది. అందుకని ఒక శనివారం, తుపాకీ ఊసెత్తకుండా, ఆయన్ని కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఫ్రెడరిక్స్‌బర్గ్ మీదుగా కెర్‌విల్, జంక్షన్ వైపు వెళ్లండి. పొద్దు వాలేవేళ చిన్న రోడ్లు పట్టుకుని నెమ్మదిగా పోనివ్వండి. కంచెల వెనక గుంపులుగా మేస్తూ కనిపిస్తాయి.

నేను చెప్పేది వైట్‌టెయిల్ గురించి కాదు. ఎర్రమట్టి రంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, మెడ కింద తెల్లటి మచ్చ. మన చుక్కల దుప్పి. తెలంగాణ రాష్ట్ర జంతువుగా పెట్టుకున్న జింక ఇదే. ఇక్కడ ఆక్సిస్ డీర్ అంటారు. 1932లో టెక్సస్‌కు తెచ్చి వదిలారు. కంచెలు దాటి హిల్ కంట్రీ అనే ఈ కొండ ప్రాంతమంతా పాకిపోయాయి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక కూడా అక్కడి ర్యాంచుల్లో, అంటే పెద్ద పశువుల క్షేత్రాల్లో, మేస్తూ ఉంటుంది. మీ నాన్నగారికి వైట్‌టెయిల్ పరాయి జంతువు. దుప్పి అలా కాదు. కారు ఆపి కిటికీ దించి, ఇంజన్ కట్టేయండి. మనిషిని పసిగట్టగానే ఒకటి గట్టిగా కూత పెడుతుంది, గుంపంతా తలలెత్తుతుంది. మా మామగారిని తీసుకెళ్లినప్పుడు ఆ కూత విని ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చీకటి పడేదాకా వాటిని లెక్కపెట్టారు. తిరుగు దారిలో, పెళ్లయిన పన్నెండేళ్లలో నాతో మాట్లాడనన్ని మాటలు మాట్లాడారు. మీ నాన్నగారు కూడా అలా మాట్లాడితే ప్లాన్ మొదలుపెట్టండి. "బాగున్నాయిరా, ఇక పద" అంటే ఆ రోజుతో ఆపేయండి. ఆయనకు కావలసింది చూడటమే అన్నమాట, అదీ తక్కువేం కాదు.

వెళ్లాలనే తేలితే నవంబరు మానుకోండి. నవంబరు మొదటి శనివారం సీజన్ తెరుచుకోగానే టెక్సస్‌లో సగం మంది అడవిలోనే ఉంటారు. మంచి ర్యాంచులు ముందే నిండిపోతాయి, రేట్లు ఎక్కువ. స్నేహితులతో వెళ్లినప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చలిలో గజగజ వణుకుతూ కూర్చోవడం మీకు సరదాగానే ఉండి ఉంటుంది. 73 ఏళ్ల మోకాలికి అదే శిక్ష. దుప్పికి ఆ గొడవ లేదు. ఇక్కడి చట్టం లెక్కలో అది స్థానిక జంతువు కాదు కాబట్టి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు, కొట్టినదానికి కట్టే ట్యాగ్ అక్కర్లేదు. హంటింగ్ లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు. పెద్ద కొమ్ముల మగవి కావాలనుకునేవాళ్లు ఎండాకాలంలో వెళ్తారు. ఆ ఎండలో మీ నాన్నగారిని రేకుల డబ్బాలాంటి మంచెలో కూర్చోబెట్టే ఆలోచన కూడా పెట్టుకోకండి.

నా ఓటు ఫిబ్రవరి ఆఖరు వారానికి. వైట్‌టెయిల్ జనం వెళ్లిపోయి ఉంటారు, ర్యాంచి వాళ్లు ఫోన్ ఎత్తి ఓపికగా మాట్లాడతారు. పొద్దున చలి ఉన్నా మధ్యాహ్నానికి స్వెట్టర్ తీసేయొచ్చు. పాములు, పిడుదులు ఎండాకాలమంత ఉండవు. మగదాన్ని కొట్టనివ్వడానికి వేల డాలర్లు అడుగుతారు. ఆడదానికి కొన్ని వందలతో పోతుంది, మాంసం కూడా అదే లేతగా ఉంటుంది. నాలుగు రోజులు వద్దు, రెండు రాత్రులు చాలు. మొదటి రోజు మధ్యాహ్నానికి చేరి సాయంత్రం కూర్చోండి. రెండో రోజు తెల్లవారుజాము ఆయన ఇష్టం, లేస్తే లేచారు లేకపోతే లేదు. భోజనం చేసి కునుకు తీశాక మళ్లీ సాయంత్రం. మూడో రోజు టిఫిన్ చేసి ఇంటికి.

ఇక అసలు సంగతి, మంచె. ఇక్కడ బ్లైండ్ అంటారు గానీ మన చేల మంచెకు ఇది అన్నదమ్ముడే. మా మామగారిని మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ర్యాంచి యజమాని ఫోన్లో "చాలా ఈజీ, ఎవరైనా ఎక్కేయొచ్చు" అన్నాడు. వెళ్లి చూస్తే పదిహేను అడుగుల ఇనుప కాళ్ల మీద పెట్టె, దానికి నిట్టనిలువు నిచ్చెన. మామగారు పౌరుషానికి పోయి గబగబా ఎక్కేశారు. ఎక్కడం ఎప్పుడూ సమస్య కాదు. మూడు గంటలు కదలకుండా కూర్చుని, మోకాళ్లు బిగుసుకుపోయాక, చీకట్లో వెనక్కి తిరిగి కనపడని మెట్టు కోసం కాలితో తడుముకోవడం ఉంది చూశారూ, అదీ సమస్య. ఒక్కో మెట్టు మీద ఆయన పాదాన్ని నా చేత్తో పట్టుకుని పెడుతూ దింపాను. అరగంట పట్టింది. దిగాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. ఆ తప్పు నాదే, ఫోటో అడగకుండా డబ్బు కట్టాను.

మీరు అడగండి. ఫోటో కాదు, వీడియో. కారు దిగిన చోటు నుంచి బ్లైండ్ లోపలి కుర్చీ దాకా ఫోన్ పట్టుకుని నడుస్తూ తీయమనండి. నేల మీదే ఉండే బ్లైండ్ కావాలి, తలుపు ఒక మనిషి వంగకుండా పట్టాలి, బండి గుమ్మం దాకా రావాలి. లోపలున్న కుర్చీని నమ్మకండి, వీపుకు ఆనుకునేది, చేతులున్నది ఇంటి నుంచే పట్టుకెళ్లండి. కిటికీ అంచు ఆ కుర్చీలో కూర్చున్న మనిషి భుజానికి కాస్త కిందగా ఉందో లేదో కొలత అడగండి. బస చేసే చోట మంచం కింద అంతస్తులో ఉందా, బాత్రూం గదిలోనే ఉందా, రాత్రి హీటర్ పనిచేస్తుందా, ఫోన్ సిగ్నల్ ఎక్కడ దొరుకుతుంది, ఇవన్నీ అడగండి. జంతువు పడ్డాక దాన్ని మోసుకురావడానికి చిన్న బండి, వేలాడదీయడానికి కప్పీ, చల్లటి గది ఉన్నాయా లేదా అన్నది వీటన్నిటికంటే ముఖ్యం. గైడ్ లేని వేటలో ఈ చాకిరీ మొత్తం మీ ఒక్కరి నడుం మీదే పడుతుంది. దెబ్బ తగిలి పారిపోయి దొరక్కపోయినా చాలా చోట్ల పూర్తి డబ్బు తీసుకుంటారు, అది కూడా ముందే రాతలో తెప్పించుకోండి.

లైసెన్సుల విషయం త్వరగా చెప్పేస్తాను. టెక్సస్‌లో ఏకధాటిగా ఆరు నెలలకు పైగా ఉంటున్నారు కాబట్టి మీ నాన్నగారు ఇక్కడి నివాసి కిందే లెక్క. 65 దాటిన నివాసులకు లైసెన్సు 7 డాలర్లు, మీకు 25. 1971 సెప్టెంబరు 2కు ముందు పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి కాదు, ఆయనకు మినహాయింపు. అయినా మీ కోర్సు పాఠాలు ఆయన పక్కన కూర్చుని ఒకసారి తిరగేయండి. తుపాకీ మూతి ఎటు ఉండాలన్న సంగతిలో యాభై ఏళ్ల కిందటి అలవాట్లు వేరు. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి తుపాకీ పట్టుకోవడానికి ఆయనకు అడ్డు లేదు.

ఇది చదువుతున్నవాళ్లలో అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లే ఎక్కువ ఉంటారు, వాళ్లకు ఒక మాట. విజిటర్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ చేతిలో ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి లైసెన్సు జేబులో లేకుండా షూటింగ్ రేంజ్‌లో సరదాకి కూడా పట్టుకోనివ్వకండి. వీసాకు సంబంధించిన విషయం కాబట్టి ముందు ఒక లాయర్‌ని అడిగితే నిద్ర పడుతుంది. ఇండియాలో ఉన్న పాఠకులు ఇదంతా చూసి ఉత్సాహపడవద్దు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక దుప్పిని కొడితే జైలే. లెక్కేస్తే మీ నాన్నగారికి అప్పటికి ఇరవై అటూ ఇటూ. ఆయన కథలన్నీ కుర్రతనంలోనే ఎందుకు ఆగిపోతాయో ఇప్పుడు అర్థమైందా?

తుపాకీ. ఆయన చేతికి తెలిసింది బహుశా తాతగారి గొట్టాల తుపాకీ. స్కోపు, అంటే గురి చూసే దుర్భిణి, ఉన్న రైఫిల్ వేరే జంతువు. కంటికి మరీ దగ్గరగా పెట్టుకుంటే పేలగానే వెనక్కి తన్ని కనుబొమ్మ చీలుస్తుంది. .243 గానీ 6.5 క్రీడ్‌మోర్ గానీ తూటా పట్టే రైఫిల్ తీసుకోండి, భుజం మీద తన్ను తక్కువ, దుప్పికి సరిపోతాయి. కంట్లో శుక్లాల ఆపరేషన్ అయి ఉంటే ఏ కన్ను దూరానికి బాగా కనిపిస్తుందో ముందు చూసుకోండి. కుడిచేతి వాటం మనిషికి ఎడమ కన్నే బలంగా ఉంటే స్కోపులో అంతా మసకగా ఉంటుంది, ఆయనేమో మొహమాటానికి "కనపడుతోందిలే" అంటారు. ప్రయాణానికి నెల ముందు నుంచి రెండు మూడు సార్లు రేంజ్‌కి వెళ్లండి. ఒక్కోసారి పది తూటాలకు మించవద్దు. బల్ల మీద కాదు, అక్కడికి తీసుకెళ్లబోయే కుర్చీలోనే కూర్చోబెట్టి, మూడు కాళ్ల స్టాండు మీద ఆనించి కాల్పించండి. భోజనం పళ్లెమంత గుండ్రంలో వరసగా ఐదు పడే దూరం ఎంతో, వేటలో ఆయన దూరం అంతే. అది 70 గజాలైతే 70 గజాలే. వినికిడి మిషన్ వాడుతుంటే, చిన్న శబ్దాలు వినిపించి పెద్ద శబ్దాన్ని ఆపే ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్స్ కొనండి. బ్లైండ్‌లో మీ గుసగుసలు వినిపిస్తాయి, "ఆఁ?" అని గట్టిగా అడిగే అవసరం రాదు.

ఇప్పుడు ఒంటి సంగతి. డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు "వేటకు వెళ్లొచ్చా" అని అడక్కండి, వద్దనేస్తారు. చలిలో మూడు గంటలు కూర్చోవాలి, వంద అడుగులు ఎగుడుదిగుడు నేల మీద నడవాలి, ఒక్కసారిగా గుండె దడ పెరుగుతుంది అని వివరంగా చెప్పి అడగండి. మెట్లెక్కుతుంటే ఛాతీ బరువుగా ఉంటోందా అని కూడా ఆయన్ని డాక్టర్ ఎదుటే అడగండి. ఉంటోందంటే ఈ ట్రిప్ వాయిదా. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటూ ఉంటే భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది, సాయంత్రం వేటలో భోజనం ఆలస్యం కావడం ఖాయం. ఆ రెండు రోజులు మందుల టైము ఎలా మార్చాలో రాయించుకోండి. బీపీకి నీళ్ల మాత్ర ఉంటే అదీ అడగండి. వెడల్పు మూతి ఉన్న సీసా ఒకటి బ్లైండ్‌లో పెట్టండి. దాని గురించి ఉపన్యాసం ఇవ్వకుండా, ముందు మీరే వాడి, "ఇక్కడ అందరూ ఇంతే నాన్నా" అనండి. రెండేళ్లే అయింది కాబట్టి పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ ఆయనకు ఇంకా రాదు, ఉన్న ఇన్సూరెన్సు ఆ చుట్టుపక్కల ఊరి హాస్పిటల్ ఎమర్జెన్సీలో ఎలా పనిచేస్తుందో ఫోన్ చేసి కనుక్కోండి.

తినడానికి పులిహోర, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ. బిస్కెట్లు ప్యాకెట్‌తో తీసుకెళ్లకండి. రేకుల డబ్బాలో ఆ కాగితం చప్పుడు వంద గజాలు వినిపిస్తుంది. ముందే విప్పి పాత రుమాల్లో మూటకట్టండి. నేను ఈ పాఠం నేర్చుకునేసరికి పన్నెండు దుప్పులు తోకలెత్తి వెళ్లిపోయాయి.

అందరూ మర్చిపోయే విషయం ఒకటుంది. ప్లాన్ అంతా ఆయనకేమైనా అయితే అని వేస్తారు. మీకేమైనా అయితే? రాళ్ల నేల మీద చీకట్లో రక్తపు జాడ వెతుకుతూ మీ చీలమండే మెలిక పడితే, బ్లైండ్‌లో ఒంటరిగా కూర్చున్న ఆ పెద్దాయన ఏం చేయాలి? కారు నడపలేరు, ఇంగ్లీషులో దారి చెప్పలేరు అనుకుందాం. ఒక కాగితం మీద తెలుగులో పెద్ద అక్షరాలతో యజమాని నంబరు, 911కి చెప్పాల్సిన రెండు ముక్కలు, ర్యాంచి చిరునామా రాసి చొక్కా జేబులో పెట్టండి. ఇద్దరికీ చెరో వాకీటాకీ. సిగ్నల్ లేని చోటైతే శాటిలైట్‌తో పనిచేసే ఫోను గానీ పరికరం గానీ తీసుకెళ్లండి, ఇంటి పెరట్లో ఒకసారి ఆయన చేతే వాడించండి.

అక్కడికి వెళ్లాక ఒక్కటే నియమం. కాల్చాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. "అదిగో, కొట్టండి, కొట్టండి" అని చెవిలో ఊదకండి. గుంపు వచ్చి, అరగంట మేసి, వెళ్లిపోయి, ఆయన తుపాకీ ఎత్తకపోతే ఎందుకని అడగకండి. కాలిస్తే కనీసం అరగంట ఆగి, ఆయన్ని కుర్చీలోనే ఉంచి, తుపాకీ ఖాళీ చేశాక మీరొక్కరే వెళ్లండి. లాగడంలో సాయం పట్టమని అడగకండి, ఆయన తనంతట తాను చెయ్యి వేయబోయినా ఆపి టార్చిలైటు పట్టుకోమనండి. గుండె మీద భారం పడేది అక్కడే. టెక్సస్‌లో ఫిబ్రవరి మధ్యాహ్నం కూడా వెచ్చగా ఉండొచ్చు కాబట్టి పేగులు వెంటనే తీసేసి, మాంసం ఐసు పెట్టెలో సర్ది, కింద నీళ్లు పోయే బిరడా తెరిచే ఉంచండి. కొయ్యడంలో మాత్రం ఆయన మాట వినండి, మీ యూట్యూబ్ కంటే ఆయనకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. దుప్పి మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. వెన్ను పట్టీని అల్లం వెల్లుల్లి, మిరియాలతో పెనం మీద చకచకా వేయించండి, ఎక్కువసేపు ఉంచితే చెప్పు తోలే. తొడ మాంసం కుక్కర్‌లో కూరకు.

ఒకవేళ మగదే పడి, కొమ్ములు ఊళ్లో చుట్టాలకు చూపిద్దాం అనిపించినా, ఇండియా వెళ్లే సూట్‌కేసులో పెట్టకండి. అక్కడ దుప్పి కొమ్ము దగ్గరుంటే అది టెక్సస్‌దని కస్టమ్స్ వాళ్లకు, ఫారెస్ట్ వాళ్లకు నిరూపించుకునే పని మీదవుతుంది. ఇక్కడి గ్యారేజీ గోడకే కొట్టండి.

ఇక మీ ఆవిడ అన్న "అవసరమా" గురించి. ర్యాంచి చిరునామా, గేటు కోడ్, బ్లైండ్ ఉన్న చోటు పిన్, యజమాని ఫోన్ నంబరు, ఏ పూట ఎన్నింటికి గదికి తిరిగొస్తారో, ఇవన్నీ బయలుదేరే ముందు ఆవిడకు వాట్సాప్ చేయండి. ఆయన మందుల సంచీ కూడా ఆవిడ చేతే సర్దించండి. ఏ మాత్ర ఏ పూటదో మీకంటే ఆవిడకే బాగా తెలుసని నా అనుమానం.